పన్ను పని చేయించుకున్నంక చీము పడితే ఆ రాత్రి ఎట్ల గడపాలె

రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్ అయిన రెండో రాత్రి, రెండు గంటలకు నేను మా ఇంట్ల హాల్‌ల అటు ఇటు తిరుగుతున్న, దవడ గుండె లెక్క కొట్టుకుంటుంది, ఒక్కో పోటుకు చెవిదాక గుంజుతుంది. ఏం చేయాల్నో తెల్వక చేయకూడనివన్నీ చేసిన. అందుకే ఇది.

ముందు మామూలు నొప్పా, చీమా తేల్చుకోండి. రూట్ కెనాల్ అయినంక రెండు మూడు రోజులు నమిలితే నొచ్చుడు మామూలే, రోజురోజుకు తగ్గుతది. కొత్త ఫిల్లింగో క్యాపో కొంచెం ఎత్తుగ ఉంటే నోరు మూసినప్పుడల్లా ముందు అదే తగిలి నొస్తది, డాక్టర్ కాస్త అరగదీస్తే అయిపోతది. చీము అట్ల కాదు, తగ్గాల్సింది పెరుగుతది, ఊరికె కూసున్నా సలుపుతది, పడుకుంటే ఇంకా ఎక్కువైతది, చిగురు మీద మొటిమ లెక్క లేస్తది, నోట్లె చెడు రుచి, బుగ్గ వాపు, కొందరికి జ్వరం.

మందుల సంగతి. డాక్టర్ రాసిన నొప్పి గోలీ ఉంటే అదే, టైమ్‌కు, ఏమన్నా తిన్నంకనే. ఏం రాయకపోతే చాలామందికి ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసిన కాంబిఫ్లామ్ లాంటిది బాగా పనిచేస్తది, రోజుకు మూడు దాటొద్దు. ఇక్కడ అందరం చేసే తప్పు ఏందంటే కాంబిఫ్లామ్ వేసి గంటకు తగ్గలేదని డోలో వేస్తం, దాంట్లె 325 మిల్లీగ్రాములు, దీంట్లె 650 మిల్లీగ్రాములు, రెండూ పారాసెటమాలే. రోజు మొత్తంల 4 గ్రాములు దాటితే లివర్‌కు దెబ్బ. జీరోడాల్ లాంటి వేరే నొప్పి గోలీ రాసి ఉంటే దాని మీద ఐబుప్రోఫెన్ వద్దు, రెండూ ఒకే జాతి. అల్సర్, కిడ్నీ సమస్య, రక్తం పలచబడే మందులు, గర్భం ఉన్నోళ్లు ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. వానాకాలంల జ్వరం కూడ ఉండి డెంగీ అనుమానం ఉంటే కూడ వద్దు, మన హైదరాబాద్‌ల ఆ టైమ్‌ల ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే.

గోరువెచ్చని నీళ్లల్ల అర చెంచా ఉప్పేసి మెల్లగ పుక్కిలించండి, రోజుకు నాలుగైదు సార్లు (పన్ను పీకించుకున్నోళ్లు మాత్రం మొదటి రోజు పుక్కిలించొద్దు). బుగ్గ మీద బట్టల చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టి తీయండి. రెండు మూడు దిండ్లు పెట్టుకొని తల ఎత్తుల ఉంచి పడుకుంటే పోటు కొంచెం తగ్గుతది. వేడి కాపడం మాత్రం పెట్టొద్దు, మా అమ్మ పాపం ప్రేమతోనే పెనం మీద గుడ్డ కాల్చి పెట్టింది, పొద్దున లేసేసరికి బుగ్గ పూరీ లెక్క పొంగింది. లవంగం నూనె దూదికి ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే చిగురు కాలుతది. ఆస్పిరిన్ నలిపి పన్ను మీద పెట్టుడు కూడ అంతే. సూదితోని పొడిచి చీము తీసుకునే ధైర్యం అస్సలు చేయొద్దు. పెరుగన్నం, చల్లారిన రాగి జావ తినండి, ఇరానీ చాయ్ రెండు రోజులు మానేస్తే ఏం కాదు.

ఇంట్ల మిగిలిన యాంటీబయాటిక్ నేను వేసుకున్న, అది ఇంకో తప్పు. లోపల చీము అట్లనే ఉంటే గోలీ ఒక్కటే దాన్ని తీయదు, డాక్టర్ పన్ను తెరిచో చిగురు కోసో దారి ఇయ్యాలె. కాబట్టి పొద్దున్నే క్లినిక్‌కు ఫోన్, "నొప్పి" అని కాదు, "వాపు ఉంది, చీము ఉన్నట్టుంది" అని చెప్పండి, అట్ల చెప్తేనే ఎల్లుండి కాకుండ ఇయ్యాల రమ్మంటరు. షుగర్ ఉన్నా, పెన్సిలిన్ పడకపోయినా ముందే చెప్పాలె. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే మందు పార్టీలు బంద్, కోర్సు అయినంక కూడ రెండు మూడు రోజులు.

ఒక్కోసారి రాత్రికి రాత్రి గడ్డ పగిలి నోట్లెకి ఉప్పగ, కంపుగ వచ్చి నొప్పి ఠక్కున పోతది. ఉమ్మేసి పుక్కిలించండి, కానీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయకండి, ఇన్‌ఫెక్షన్ వేరుల అట్లనే ఉంటది.

పొద్దున దాక ఆగకూడనివి ఇవి: నోరు తెరవలేకపోవుడు, మింగలేకపోవుడు, ఊపిరి ఆడకపోవుడు, వాపు దవడ కిందికి మెడకు గానీ కంటికి గానీ పాకుడు, వణికించే జ్వరం. అప్పుడు పండ్ల డాక్టర్ కోసం చూడొద్దు, 108కి కొట్టండి, లేకుంటే దగ్గర్ల ఉన్న పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి పోండి.

పైసల ఇబ్బంది ఉంటే అఫ్జల్‌గంజ్‌ల, ఉస్మానియా దవాఖాన దగ్గర్ల గవర్నమెంట్ డెంటల్ కాలేజీ హాస్పిటల్ ఉంది. పొద్దున్నే పోండి, జనం ఉంటరు, పాత ఎక్స్‌రే, మందుల చీటీ పట్టుకపోతే మొదటి నుంచి చెప్పే పని తప్పుతది.