జపాన్‌లో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ చదువుకోబోయే వారికి

చదువు కోసం జపాన్ వెళ్లి అక్కడి కుటుంబంతో కలిసి ఉండబోయే విద్యార్థి, బయలుదేరక ముందే ఆ ఇళ్ల అలవాట్లు కొన్ని తెలుసుకోవాలి. గుమ్మం దాటగానే కాస్త పల్లంగా ఉండే చోటును గెన్కాన్ అంటారు. బూట్లు అక్కడే విడిచి, వాటి మొనలు తలుపు వైపుకు తిప్పి పెట్టి, ఇంటికి వచ్చేశానని అర్థం వచ్చే "తదైమా" అనే మాటతో పలకరించి లోపలికి వెళ్లాలి.

మనవాళ్లు పొరబడే అవకాశం ఎక్కువగా ఉన్నది స్నానం దగ్గర. తొట్టె బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రం చేసుకున్నాకే, సుమారు 40 డిగ్రీల వేడి నీళ్లున్న తొట్టెలోకి దిగాలి. అవే నీళ్లలో ఇంటివాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు సేదతీరుతారు కనుక, లేచాక బిరడా లాగకుండా మూత కప్పి రావాలి.

శాకాహారులు "మాంసం తినను" అని చెబితే సరిపోదు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌కు ఆధారమైన దాషి అనే పలుచని రసాన్ని తరచుగా ఎండు చేప తురుముతో కాస్తారు కాబట్టి, చేప కూడా తినరని ముందుగానే ఉత్తరంలో రాసి, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన దాషి వాడగలరేమో మర్యాదగా అడగండి.

ఇల్లు చేరిన 14 రోజుల్లోగా స్థానిక పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి.

కుదురుకున్నాక ఒక సాయంత్రం మీరే పప్పుచారు కాచి పెట్టండి; ఎండుమిర్చి తాలింపు ఘాటుకు అలవాటు లేనివారు ఉక్కిరిబిక్కిరి కాకుండా, నూనె కాగకముందే కిటికీలు తెరవండి.