ఫొటోలతో ర్యామ్ నిండిపోతుంటే

నల్లగొండలో మా చీరల షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో గద్వాల, నారాయణపేట రకాల ఫొటోలు పెట్టాక, అది తెరిస్తే చాలు, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ కదలకుండా అయిపోయేది.

ఫైల్ సైజు చూసి మోసపోవద్దు. డిస్కులో 3 ఎంబీయే ఉన్నా, తెర మీదికి వచ్చేటప్పుడు ఫొటో ర్యామ్‌లో పూర్తిగా విచ్చుకుంటుంది. లెక్క మామూలుగా ఇంతే: వెడల్పు × ఎత్తు (పిక్సెల్స్‌లో, అంటే ఫొటోలోని చుక్కల్లో) × 4 బైట్లు. ఫోన్‌తో తీసిన 4000×3000 ఫొటో ఒక్కటే 48 ఎంబీ. అలాంటివి 20 పెడితే దాదాపు ఒక జీబీ! స్క్రీన్ మీద బొమ్మను చిన్నగా చూపించినంత మాత్రాన ఇది తగ్గదు, క్వాలిటీ తగ్గించి సేవ్ చేసినా తగ్గదు.

పెయింట్‌లో ఫొటో తెరిచి, రీసైజ్‌లో పిక్సెల్స్ ఎంచుకుని అడ్డం 400 ఇవ్వండి. నిలువు 300 దానంతటదే వస్తుంది. వేరే పేరుతో సేవ్ చేసి, ప్రోగ్రామ్‌లోంచి పాత ఫొటో తీసేసి దీన్ని పెట్టి, మళ్లీ బిల్డ్ చేయండి (అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను కొత్తగా తయారుచేయండి). ఒక్కోటి అర ఎంబీకి దిగుతుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ వాడకం ముందూ తర్వాతా చూసుకుంటే తేడా తెలుస్తుంది.

కస్టమర్‌కు జరీ అంచు దగ్గరగా చూపించాలంటే మాత్రం ఈ చిన్న ఫొటో మసకగా కనిపిస్తుంది. అందుకని ఒరిజినల్‌ను ప్రోగ్రామ్ బయట ఫోల్డర్‌లో ఉంచి, క్లిక్ చేసినప్పుడే తెరవాలి, మూయగానే మెమరీలోంచి వదిలించాలి.