దవాఖాన పేరెత్తితే వణికే కుక్క, చేతికి దొరకని పిల్లి: ఏం చేయాలి?

సమస్య: దవాఖానకు తీసుకెళ్లే బుట్ట కనబడగానే పిల్లి మంచం కిందికి దూరుతుంది.

కారణం: ఆ బుట్ట ఏడాదికోసారి, సూది వేయించే రోజునే అటక దిగుతుంది. అందుకే బుట్టంటేనే దానికి భయం.

పరిష్కారం: వారం పది రోజుల ముందే బుట్ట దించి, తలుపు తీసి, పిల్లి పడుకునే మూలలోనే పెట్టండి. లోపల దాని పాత గుడ్డ పరిచి, రోజూ ఓ ఉడికించిన చికెన్ ముక్క వేయండి. మా చిన్ని మూడు రోజులు వాసన చూసి పోయింది. నాలుగో రోజు ముందరి కాళ్లు రెండే లోపల పెట్టి, ముక్క కరుచుకుని వెనక్కి ఉరికింది. వారం తిరిగేసరికి అందులోనే నిద్రపోయింది. తొందరపడి లోపలికి తోశారో, మళ్లీ మొదటికే వస్తుంది.

సమస్య: ఆటోలో కుక్క చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది.

కారణం: అన్నిసార్లూ భయమే కాదు, మనలాగే ప్రయాణం పడకపోవచ్చు.

పరిష్కారం: పెద్ద కుక్కకు బయలుదేరే 3, 4 గంటల ముందు నుంచి తిండి ఆపండి, నీళ్లు ఇవ్వొచ్చు. పిల్లలకు, షుగర్ ఉన్నవాటికి మాత్రం డాక్టర్‌ను అడగాలి. మామూలు రోజుల్లో భద్రకాళి బండ్ దాకా ఆటోలో తీసుకెళ్లి, కాసేపు తిప్పి తెచ్చేయండి. ఆటో ఎక్కితే సూదే అన్న భయం మెల్లగా పోతుంది. మన వరంగల్ ఎండల్లో పొద్దున్నే బయలుదేరడం మంచిది.

సమస్య: దవాఖానలో కుక్క తన వంతు వచ్చేలోపే గుర్రుమంటుంది.

కారణం: వేరే జంతువుల వాసన, అరుపులు. దానికితోడు మనం టెన్షన్‌తో గొలుసు బిగించి పట్టుకుంటాం.

పరిష్కారం: పేరు రాయించి బయట నీడలో ఆగండి. పిల్లి బుట్టను నేల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పండి. నిద్ర రాకున్నా ఆవులించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం భయానికి తొలి గుర్తులు. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కరిచే ముందు అది చేసే హెచ్చరిక అది. దాన్ని మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

సమస్య: టేబుల్ మీద కాళ్లు బిగబట్టి వణుకుతుంది.

కారణం: స్టీలు టేబుల్ చల్లగా ఉంటుంది, కాళ్లు జారుతాయి.

పరిష్కారం: ఇంటి నుంచి గొంగడి ముక్కో, రబ్బరు మ్యాటో తీసుకెళ్లి పరవండి. పెద్ద కుక్కను కింద నిలబెట్టే చూడమని అడగండి. బెదిరిన పిల్లికి రక్తంలో షుగర్ పెరిగి పరీక్ష తప్పుగా చూపించవచ్చు. అది భయపడుతోందని డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇన్ని చేసినా తగ్గకపోతే, ఇంటి దగ్గరే ముందుగా వేసే మాత్ర డాక్టర్ రాసిస్తారు. మన మాత్రలు మాత్రం వేయొద్దు. ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు పిల్లి ప్రాణం పోవడానికి.

సమస్య: తిరిగొచ్చాక ఇంట్లో ఉన్న రెండో పిల్లి దాని మీద బుసకొడుతుంది.

కారణం: ఒంటి మీద దవాఖాన వాసన.

పరిష్కారం: ఇద్దరూ పడుకునే గుడ్డతో ఒళ్లు తుడిచి, ఆ పూటకు వేరే గదిలో ఉంచండి.