నెలకో అంశం, అంశానికో క్లాసిక్: రీడింగ్ ఛాలెంజ్‌లో ఎలా పాల్గొనాలి?

నెల మొదటి తేదీన ఒక అంశం ప్రకటిస్తారు. ‘ఊరు’, ‘చదువు’, ‘ప్రయాణం’, ‘ఉత్తరం’ లాంటి ఒక్క మాట చాలు. ఆ అంశానికి తగిన క్లాసిక్ ఒకటి ఎవరికి వారు ఎంచుకుని, నెలాఖరులోపు పూర్తిగా చదివి, చివరి ఆదివారం నాడు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. నెలవారీ రీడింగ్ ఛాలెంజ్ అంటే ఇంతే. జనవరిలో ఎంతో ఉత్సాహంగా చేరినవారు ఉగాది నాటికి కనపడకుండా పోవడం ఏటా చూస్తున్నాను. తీరిక లేక మానేశామని వారు చెబుతారు గానీ, ఏ నెలలో ఏ పుస్తకం దగ్గర ఆగిపోయారో అడిగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అంశానికీ పుస్తకానికీ పొత్తు కుదరలేదు, లేదా పుస్తకానికీ నెలకూ పొత్తు కుదరలేదు. అందువల్ల ఈ వ్యాసంలో మిగిలిన దశలను త్వరగా ముగించి, పుస్తకాన్ని ఎంచుకునే దశ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కావలసిన సామగ్రి

అచ్చు పుస్తకం, మెత్తటి పెన్సిల్, నూరు పేజీల నోటు పుస్తకం, ఒక నిఘంటువు ఉంటే చాలు. పెన్ను వాడకూడదు. నిఘంటువుల్లో బ్రౌణ్యం గానీ శబ్దరత్నాకరం గానీ ఉంటే ప్రాచీన కావ్యాలకు కూడా సరిపోతుంది. పుస్తకాలు కొనేవారికి విజయవాడలో ఏలూరు రోడ్డు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట ఉన్నాయి. కొనలేనివారికి విజయవాడలో రామమోహన గ్రంథాలయం, ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన బెజవాడలో ఉంటూ పుస్తకం దొరకలేదని చెప్పడం భావ్యం కాదు. రచయిత మరణించి 60 ఏళ్లు దాటితే మన దేశంలో ఆ రచనపై కాపీరైటు తీరిపోతుంది గనుక గురజాడ, కందుకూరి, ఉన్నవ వంటివారి రచనలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో తెలుగు వికీసోర్స్‌లోనో వెతుక్కోవచ్చు. అయితే ఫోన్ తెరపై పద్యకావ్యం చదవడానికి నేను ఒప్పుకోను. స్కాన్ ప్రతి ఒక్కటే దిక్కయినప్పుడు దాన్ని ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించుకోవాలి.

చేరడం, అంశాల పట్టిక

బృందంలో ఆరుగురికి తగ్గకుండా, పదిమందికి మించకుండా ఉండాలి. ఏడాది అంశాలన్నీ ముందే రాసిపెట్టుకోవాలి. నెలనెలా ఓటింగు పెడితే మొదటి వారమంతా చర్చలతోనే గడిచిపోతుంది. పద్యకావ్యాలకు అనువైన అంశాలను కార్తికం నుంచి మాఘం దాకా ఉన్న చలి నెలల్లో ఉంచి, మే నెలకు నాటకాలో కథలో దొరికే అంశం పెట్టాలి. రోహిణి కార్తెలో విజయవాడ ఎండకు మధ్యాహ్నం పూట ఆంధ్రమహాభారతం ముందు కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

క్లాసిక్ అంటే ఏమిటన్న వాదం మొదటి సమావేశంలోనే తెగిపోవాలి. రచన వెలువడి 50 ఏళ్లు నిండి ఉండాలి, ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తూ ఉండాలి. ఈ నియమానికి మినహాయింపులు ఇవ్వకూడదు.

పుస్తకాన్ని అంశానికి కుదర్చడం

చాలామంది చెడగొట్టుకునేది ఈ దశనే. అంశం ప్రకటించిన సాయంత్రమే పేరు చూసి పుస్తకం ఖాయం చేస్తారు. అంశం ‘ఊరు’ అయితే పేరులో పల్లె ఉన్న పుస్తకం, ‘పక్షి’ అయితే పేరులో పిట్ట ఉన్న పుస్తకం. పేరులో అంశం కనిపించినంత మాత్రాన పుస్తకమంతా దాని గురించి నడుస్తుందన్న హామీ లేదు. పేరులో కనిపించని పుస్తకంలో ఆ అంశమే కథను మొదటి నుంచి చివరి దాకా నడిపించవచ్చు.

నేను పాటించే పరీక్ష ఒకటుంది. అంశాన్ని పుస్తకంలోంచి తీసివేసినట్టు ఊహించుకోవాలి. అప్పుడు కథ కూలిపోతే ఆ పుస్తకం తగినది. కథ చెక్కుచెదరకుండా నిలబడితే మరో పుస్తకం చూసుకోవాలి.

‘చదువు’ అన్న అంశాన్నే తీసుకోండి. కన్యాశుల్కం పేరు చెబితే బృందంలో సగం మంది అభ్యంతరం చెబుతారు, అది ఆడపిల్లలను అమ్ముకునే దురాచారం మీద రాసిన నాటకమని. ఆ మాట నిజమే. అయినా ఆ నాటకంలోంచి చదువును తీసేసి చూడండి. అప్పుల వాళ్ల నుంచి తప్పించుకోవలసిన గిరీశం విజయనగరం వదిలి అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో అడుగుపెట్టేది ఏ హోదాలో? వెంకటేశానికి చదువు చెప్పే గురువుగా. తనతో మాట్లాడటమే గొప్ప చదువని శిష్యుణ్ణి నమ్మించడం, ఇంగ్లీషు ముక్కలతో ఇంట్లోవాళ్లను ఆకట్టుకోవడం, కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు మీద తండ్రి చిరాకు, ఆ చదువు మీద తల్లి ఆశ ఇవన్నీ తొలగిస్తే గిరీశానికి ఆ ఇంటి గుమ్మం తెరుచుకోదు, బుచ్చమ్మ కథ జరగదు. అంటే ‘చదువు’ అంశానికి ఈ నాటకం నూటికి నూరుపాళ్లూ సరిపోతుంది. అంశాన్ని మనసులో ఉంచుకుని చదివితే ఎన్నోసార్లు చూసిన నాటకంలో కూడా మొదటి అంకం కొత్తగా కనిపిస్తుంది. 1897 నాటి తొలి కూర్పును గురజాడ బాగా మార్చి, పెంచి 1909లో రెండో కూర్పు వెలువరించారు గనుక, చదివే ప్రతి ఏ కూర్పుకు చెందినదో ముందే చూసుకోవాలి. ఛాలెంజ్‌కు రెండోదే చదవాలి.

రచయిత జీవితంలో అంశం ఉంటే సరిపోతుందని అనుకోవడం మరో పొరపాటు. ‘జైలు’ అన్న అంశానికి ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిని ఎంచుకుంటూ, దాన్ని ఆయన జైలులో రాశారు గనుక సరిపోతుందని ఒకరు వాదించారు. అది పుస్తకం పుట్టుక గురించిన సమాచారం మాత్రమే, ఎంపికకు కారణం కాజాలదు. ఆ నవలలో రామదాసు కుటుంబాన్ని కూడా జైలు కబళిస్తుంది. అందువల్ల ఆ ఎంపిక సరైనదే, చెప్పిన కారణమే సరైనది కాదు. కారణం సరిగా తెలియకపోతే నెలంతా తప్పు పుటల మీద పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ పోతారు.

‘ఊరు’ అంశం వచ్చినప్పుడు నా సలహా ఎప్పుడూ ఒక్కటే. బృందాన్ని రెండుగా విడదీసి, సగం మందికి మాలపల్లి, మిగిలిన సగానికి వేయిపడగలు ఇవ్వాలి. గుంటూరులో శారదా నికేతనం స్థాపించిన ఉన్నవ 1922లో మాలపల్లి వెలువరించారు, దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. విజయవాడలో స్థిరపడిన విశ్వనాథ సత్యనారాయణ ఆ తర్వాతి దశాబ్దంలో వేయిపడగలు రాశారు. కృష్ణకు రెండు పక్కలా మెలగిన ఈ ఇద్దరిలో ఒకరు మంగళాపురాన్ని మాలపల్లి వైపు నుంచి, కూలిరేట్ల వైపు నుంచి చూశారు. మరొకరు సుబ్బన్నపేటను గుడి వైపు నుంచి, కోట వైపు నుంచి చూశారు. ఈ రెండు ఊళ్లూ ఒకే సమావేశంలో ఎదురుపడితే వచ్చే చర్చ విడివిడిగా ఎన్ని పుస్తకాలు చదివినా రాదు. ఏడాదికి 50 పుస్తకాలు, 100 పుస్తకాలు అంటూ లెక్కపెట్టుకునే పద్ధతి కంటే నెలకో అంశం పద్ధతి మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. లెక్క కోసం చదివేవారు పలచని పుస్తకాల వైపే మొగ్గుతారు, రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూసే ఓపిక వారికి మిగలదు.

ఇక పుస్తకానికీ నెలకూ పొత్తు సంగతి. విశ్వనాథ వేయిపడగలును 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారని ప్రతీతి. అంత పెద్ద నవలను అదే వేగంతో చదవగలమని ఎవరూ అనుకోవద్దు. ఎంచుకున్న పుస్తకంలో మధ్యలో ఎక్కడైనా తెరిచి, గడియారం పెట్టుకుని గంటసేపు చదివి, ఎన్ని పుటలు నడిచాయో చూసుకోవాలి. మొదటి పుటలతో కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఉత్సాహం ఎక్కువగా ఉంటుంది. నెలకు 30 రోజులున్నా 25 రోజులే లెక్కలోకి తీసుకోవాలి. పెళ్లిళ్లు, జ్వరాలు, చుట్టాలు మిగిలిన అయిదు రోజులనూ తీసుకుంటాయి. రోజుకు గంట చొప్పున 25 రోజుల్లో పూర్తికాని పుస్తకాన్ని వదిలేయాలి, లేదా అదే అంశంపై వరుసగా రెండు నెలలు కేటాయించమని బృందాన్ని ముందే అడగాలి.

పద్యాలకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. గంటకు పది పన్నెండు పద్యాలకు మించి చదవకూడదు. ‘ఒక్క రోజు’ అన్న అంశానికి నేను ఎప్పుడూ సూచించే క్రీడాభిరామం ఈ లెక్కకు చక్కగా ఒదుగుతుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే ఆ చిన్న వీధినాటకంలో 300 లోపు పద్యాలే ఉన్నాయి. రోజుకు పన్నెండు చొప్పున 25 రోజుల్లో హాయిగా పూర్తవుతుంది. ‘ప్రయాణం’ అన్నప్పుడు అందరూ బారిష్టర్ పార్వతీశం వైపు పరుగెత్తుతారు, అది మంచి పుస్తకమే. కానీ 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రాచరిత్ర గానీ, తంజావూరు నుంచి కాశీదాకా ఒక పేదవాడి మొరను మోసుకెళ్లే జాషువ గబ్బిలం గానీ ఎదురుగా ఉండగా నేనైతే వాటినే ముందు ఎంచుకుంటాను. ‘ఉత్తరం’ అంశానికి బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు ఉండనే ఉన్నాయి.

చివరగా ప్రతిని పరీక్షించాలి. సంక్షిప్త ముద్రణలు, పిల్లల కోసం చేసిన కథలు, పద్యకావ్యానికి రాసిన వచనానువాదాలు ఛాలెంజ్‌లో చెల్లవు. తాత్పర్యం పద్యం కింద ఉన్న ప్రతినే తీసుకోవాలి. పుస్తకం చివర కుప్పగా పోసిన తాత్పర్యాన్ని ఎవరూ తిరగేయరు. స్కాన్ ప్రతి అయితే పుటల అంకెలు వరుసగా ఉన్నాయో లేదో మొదటి నుంచి చివరి దాకా చూడాలి. ఇరవయ్యో తేదీన నాలుగు పుటలు లేవని తెలిస్తే ఆ నెల పోయినట్టే. ఈ పనులన్నీ అయిదో తేదీ రాత్రికల్లా ముగియాలి. ఆ తర్వాత పుస్తకం మార్చడానికి వీలులేదు.

చదవడం

తెల్లవారుజామునే చదవాలి. పీఠికలు, విమర్శలు ముందు చదవకూడదు, పుస్తకం పూర్తయ్యాకే వాటి జోలికి వెళ్లాలి. పద్యాన్ని మొదట గొంతెత్తి చదివి, తర్వాత సంధులు విడిపోయే చోట్ల పెన్సిల్‌తో సన్నని నిలువు గీతలు పెట్టి, క్రియ ఎక్కడుందో వెతికి, కర్తను పట్టుకున్నాకే తాత్పర్యం వైపు చూడాలి. ఆపై పద్యాన్ని మరోసారి గొంతెత్తి చదివితే మొదటిసారి ముద్దగా వినిపించిన పాదాలు మాటలు మాటలుగా విడిపోయి వినిపిస్తాయి. ఆడియోలో వినడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఎనిమిదో తేదీ నుంచి పదిహేనో తేదీ దాకా చదువు మందగిస్తుంది. ఆ వారంలో పుటలు తగ్గించుకోవచ్చు గానీ ఒక్క రోజు కూడా మానకూడదు. నోటు పుస్తకంలో రోజుకు రెండు వాక్యాలే రాయాలి: అంశం ఈ రోజు ఏ పుటలో కనిపించింది, నిన్నటికీ ఈ రోజుకూ అది ఎలా మారింది. కథాసారం రాయడం మొదలుపెడితే పదోరోజుకు నోటు పుస్తకం మూతపడుతుంది.

నెలాఖరు సమావేశం

ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు చాలు. రచయిత పుట్టిన ఊరు, చదివిన బడి, పొందిన బిరుదులు చెప్పడానికి ఈ సమయాన్ని వాడకూడదు. అవి అందరికీ అందుబాటులో ఉన్న విషయాలు. పుస్తకం తెరిచి, అంశం అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన ఒక పుటను పైకి చదివి, ఆ పుటనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. ఇద్దరు ఒకే పుస్తకం చదివి వేర్వేరు పుటలు తెచ్చినప్పుడు సమావేశం ఎంతసేపు సాగినా సాగనివ్వాలి.

పుస్తకం పూర్తి చేయలేనివారు కూడా తప్పక రావాలి. ఏ పుట దగ్గర ఆగారో ఆ అంకె చెప్పి, అంతవరకు చదివిన దాని గురించే మాట్లాడాలి. ఆగిన పుస్తకాన్ని వచ్చే నెలలోకి ఈడ్చుకుపోతే రెండు పుస్తకాలూ చెడతాయి గనుక దాన్ని అలమారలో పెట్టేసి కొత్త అంశంతో మొదలుపెట్టాలి. అందుకే డిసెంబరుకు ఏ అంశమూ కేటాయించకూడదు. ఆ ఏడాదిలో సగంలో ఆగిన పుస్తకాలన్నిటికీ ఆ నెల. అదే నెలలో వచ్చే ఏడాది పదకొండు అంశాలూ ఖరారు చేసి, ఒక్కో అంశానికి రెండేసి పుస్తకాల పేర్లు, కావలసిన ముద్రణల వివరాలతో సహా కాగితం మీద రాసుకుని, కొత్త సంవత్సరం వేళ విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి ఆ కాగితం పట్టుకుని వెళ్లాలి.