ఇంగ్లండు పనివారి దొంగతనం కేసులను చదివే పద్ధతి

యజమాని సొత్తుతో పారిపోతూ పట్టుబడిన పనిమనిషి కేసును చదివేటప్పుడు, తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదివే మా విద్యార్థులు చాలామంది నేరుగా తీర్పు దగ్గరకు వెళ్లిపోతారు. అసలు కథ అంతకుముందే, అంకెల్లో ఉంటుంది. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల వివరాలు 1674 నుంచి 1913 వరకు అచ్చయ్యాయి. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి కనుక సెల్‌ఫోనుతోనైనా చదవడం మొదలుపెట్టవచ్చు.

ముందుగా తేదీ సరిచూసుకోండి. 1752కు ముందు ఇంగ్లండులో చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, మూల పత్రంలో 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721 కావచ్చు. ఉగాదికి ఏడాది మారడం ఎరిగిన మనకు ఇది కొత్త కాదు.

తరువాత వస్తువుల ధరలను నోటుపుస్తకంలో రెండు వరుసలుగా రాసుకోండి: అభియోగంలోని ధర ఒక వైపు, జ్యూరీ తేల్చిన ధర మరో వైపు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఇంట్లోంచి 40 షిల్లింగులు, ఆపై విలువైన సొత్తు దొంగిలిస్తే ఉరిశిక్ష పడేలా 1713 నాటి చట్టం చేసింది. ఉదాహరణకు, ఒక వెండి మగ్గు, ఆరు చెంచాలు కలిపి 5 పౌండ్లని యజమాని చెప్పినా, జ్యూరీ 39 షిల్లింగులని తేల్చిందనుకోండి; అది బజారు ధర కాదు, ఒక ప్రాణాన్ని కాపాడేందుకు తెలిసి తగ్గించిన ధర. ఈ తేడాను గమనించకుండా ఆ అంకెలతో వెండి ధరలు లెక్కగట్టడం పెద్ద పొరపాటు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనం అంటాం. నమ్మి అప్పగించిన 40 షిల్లింగుల సొత్తుతో పనివారు వెళ్లిపోతే దానిని ఫెలనీగా, అంటే తీవ్రమైన నేరంగా పరిగణించాలని 1529లోనే అక్కడ చట్టం వచ్చింది.

పారిపోయిన సంగతిని విడిగా చదవండి. నిందితుడు నేరం చేశాడా అన్నదానితో పాటు, అందుకోసం పారిపోయాడా అని కూడా జ్యూరీని అడిగేవారు. నిర్దోషిగా తేలినా, పారిపోయాడని జ్యూరీ చెబితే అతని సామాన్లు జప్తయ్యేవి. ఈ ప్రశ్న 1827 వరకు ఉంది. పనిమనిషి ట్రంకుపెట్టెను ఎవరు తెరిచారు, తాకట్టు వ్యాపారి ఏమి చెప్పాడు అన్న సాక్ష్యాలను ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

చివరగా నిందితుల మాటలను వెతకండి. 1836 వరకు ఫెలనీ కేసుల్లో వారి తరఫున న్యాయవాది జ్యూరీతో మాట్లాడే వీలు లేదు. అచ్చులో వారి జవాబు తరచుగా ఒకటి రెండు వాక్యాలే ఉంటుంది. ఆ వాక్యాన్ని తెలుగులో రాసుకొని, ఆ తరువాతే తీర్పు చదవండి.