పాత ల్యాండ్ రోవర్ డీజిల్ కొనే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

3.0 లీటర్ల వి6 డీజిల్ ఇంజిన్ ఉన్న పాత డిస్కవరీ 4 గానీ, రేంజ్ రోవర్ స్పోర్ట్ గానీ కొనదలచినవారు మొట్టమొదట భయపడవలసింది క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) గురించే. బేరింగ్ పాడై షాఫ్ట్ విరిగితే సాధారణంగా ఇంజిన్ మొత్తాన్నీ మార్చవలసి వస్తుంది.

• రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. అంతకుముందు బానెట్‌పై అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే, చల్లని ఇంజిన్ చేసే శబ్దాన్ని మీకు వినపడనీయకుండా ముందే వేడి చేసి ఉంచారేమోనని అనుమానించాలి. ఇంజిన్ కింది భాగం నుంచి వచ్చే టకటక శబ్దం వేగంతో పాటు పెరుగుతుంటే, ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ బేరం వదులుకోండి.

• ఆయిల్ మార్పించిన ప్రతి బిల్లునూ, దానిపై ఉన్న కిలోమీటర్లనూ వరుసగా సరిచూడండి. నా దృష్టిలో 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చిన బండే నమ్మదగినది. టైమింగ్ బెల్ట్‌తో పాటు, ఇంజిన్ వెనుక ఇంధన పంపును తిప్పే బెల్ట్‌ను కూడా మార్చారో లేదో అడగండి; చాలామంది దీన్ని మరచిపోతారు.

• 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాద్‌లో వరదనీరు ఎన్నో కార్లను ముంచెత్తింది కనుక, సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి బురద చార ఉందేమో పరిశీలించండి.

• ఆర్‌సీలో బ్యాంకు రుణం నమోదై ఉంటే, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదంటూ బ్యాంకు ఇచ్చే పత్రం) చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.