గుర్రపు స్వారీ – నాలుగో పాఠం: పగ్గం పట్టు, ట్రాట్‌లో లేచి కూర్చోవడం

ఈ విడత ట్రాట్ (నడకకన్నా వేగంగా, ఎగిరెగిరి పడుతూ గుర్రం వేసే గతి) ఒక్కటే చెప్పాలనుకున్నాను గానీ, మూడో పాఠం చదువుకొని వచ్చినవారి స్వారీ చూశాక ముందు నా మాటనే దిద్దుకోవలసి వచ్చింది. ‘పగ్గాలు బిగువుగా ఉండాలి’ అని రాశాను. విజయవాడ, గుంటూరుల నుంచి వేసవి సెలవులకు నూజివీడు వైపు మామిడితోటల నడుమ ఉన్న ఈ పాత జమీందారీ దివాణానికి వచ్చిన 12 మంది విద్యార్థుల్లో 9 మంది ఆ మాటను అక్షరాలా పాటించి, బావిలో చేద లాగినట్టు పగ్గాలను గుంజారు. ఒక గుర్రం వెనక్కి వెనక్కి నడిచి దివాణం అరుగుకు ఆనుకుంది. ఎంతో ఓపిక గల ముత్యాలు అనే గుర్రం నోరు తెరిచి, నాలుక పక్కకు వేలాడేసి నిలబడిపోయింది. దాని మీది కుర్రవాడి పిడికిళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెపు కమ్మీ ఆ ఖాళీలోనే, నాలుక మీదా చిగురు మీదా ఆనుతుంది. పలుచని ఆ చిగురు కింద ఉన్నది ఎముకే. నమ్మకం లేకపోతే మోకాలి కింద ముందరి ఎముక మీద పెన్సిలు అడ్డంగా పెట్టి నొక్కి చూడండి. పగ్గం ఆపడానికి పట్టుకునే పిడి కాదు, పడిపోకుండా పట్టుకునే కొమ్మ అంతకన్నా కాదు. నేను ‘బిగువు’ అన్నది పూలు కట్టేటప్పుడు దారానికి ఉండే బిగువు: జారితే ముడి పడదు, లాగితే కాడ తెగుతుంది. మోచేయి, పిడికిలి, గుర్రం నోరు ఒకే గీతలో ఉండాలి. మామూలు నడకలో గుర్రం తల ఊగుతుంది కనుక చేయి దానితోపాటు ముందుకు వెళ్లి రావాలి. పట్టు కావలసినవారు గుర్రం మెడ చుట్టూ కట్టిన మెడపట్టీ పట్టుకోండి. నాకు ఎంత అనుభవం వచ్చినా నేను మెడపట్టీ లేకుండా కొత్తవారిని ఎక్కించను.

ఇక ట్రాట్. మన పూర్వులు అశ్వగతులను ఐదు ధారలుగా చెప్పారు గానీ, ప్రస్తుతానికి మనకు రెండు చాలు. నడకలో నాలుగు డెక్కలూ విడివిడిగా నాలుగు దెబ్బలు వేస్తాయి. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు (ముందు ఎడమ కాలూ వెనక కుడి కాలూ లాగా) జంటగా పడి రెండే దెబ్బలు వినిపిస్తాయి. ఒక దెబ్బకు లేవాలి, రెండో దెబ్బకు కూర్చోవాలి. రికాబును (పాదం పెట్టే కొక్కేన్ని) తన్ని లేవకండి. గుర్రమే ఎగరేస్తుంది, రెండు వేళ్ల ఎత్తు చాలు. ఎడమ వైపు గుండ్రంగా తిరిగేటప్పుడు గుర్రం కుడి భుజం ముందుకు కదిలినప్పుడు లేవాలి, కుడి వైపు తిరిగితే ఎడమ భుజం చూసుకోవాలి. ట్రాట్‌లో గుర్రం తల దాదాపు కదలదు. అందుచేత ఒళ్లు లేచినా చేతులు లేవకూడదు. అవి లేచిన ప్రతిసారీ కమ్మీ ఆ చిగురును కుదుపుతుంది.

అభ్యాసం కష్టమే. ఒకరు పొడుగు తాడుతో గుర్రాన్ని తిప్పుతుండగా, పగ్గాలు ముడివేసి వదిలేసి, చేతులు నడుముకు ఆనించి 20 చుట్లు ట్రాట్ చేయాలి. మధ్యలో మెడపట్టీ ముట్టుకున్నవారు ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టాలి. రోహిణి కార్తె రోజులు గనుక తెల్లవారి ఆరు గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా జీను దించేయండి.